పదిమంది ముందు పూలు పేర్చడం

ఇంట్లో కూర్చుని చేస్తే వంక పెట్టలేనంత బాగా వచ్చే పని, నలుగురు చూస్తుంటే చెయ్యి వణికి చెడిపోతుంది. ముగ్గయినా, వంటయినా, కుట్టుపనయినా అంతే. ఈ బెరుకుకు వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చాలా వరకు ఒకటే మందు రాస్తాయి: అద్దం ముందు నిలబడి అభ్యాసం చెయ్యండి. నాకు ఆ మందు మీద గురి లేదు. అద్దంలో కనపడేది మళ్లీ మన ముఖమే. మన చూపు మన మీదే ఉండటం వల్ల పుట్టిన భయం, ఇంకాసేపు మనల్నే చూసుకుంటే ఎలా పోతుంది? చూపు మళ్లాలంటే చేతిలో మరో వస్తువు ఉండాలి. ఆ వస్తువు గురించి మనకు ముందున్నవాళ్లకంటే ఒక పిసరు ఎక్కువ తెలిసుండాలి. ఈ అధ్యాయానికి ఆ వస్తువు పూలు. ఊరు కరణ్‌కోట.

తాండూరు పక్కనున్న కరణ్‌కోట పేరు చెబితే ఎవరికీ పూలు గుర్తుకు రావు. సీసీఐ సిమెంటు ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. సున్నపురాయి గనులు, నాపరాళ్ల లోడుతో వెళ్లే లారీలు, తాండూరు చుట్టూ పాలిషింగ్ యూనిట్లు, వాటి బయట గుట్టలుగా పడేసిన రాతి ముక్కలు గుర్తొస్తాయి. కొంచెం ఎడంగా వెళితే కంది చేలు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండేది ఈ నేలల్లోనే. ఇలాంటి చోట పూల కళ గురించి రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. తంగేడు ఇష్టపడేది ఇలాంటి రాతినేలనే అని మాత్రం ముందుగా చెప్పి ముందుకు వెళతాను.

ఐర్లండ్‌లో ఒక అలవాటుంది. ఊళ్లలో పూల సంఘాలుంటాయి. ఒక సాయంత్రం హాల్లో అందరూ చేరతారు. చెయ్యి తిరిగిన మనిషి ఒకరు వేదిక మీద నిలబడి, మాట్లాడుతూనే ఒకదాని తర్వాత ఒకటి నాలుగైదు పూల అమరికలు చేసి చూపిస్తారు. చివర్లో చీటీలు తీసి, గెలిచినవాళ్లకు ఆ అమరికలు ఇచ్చేస్తారు. చేసేవారు తరచు ఒక ఇతివృత్తం పెట్టుకుంటారు: తమ కొండలు, చిత్తడి నేలలు, కొత్తరాతియుగపు కట్టడాలు, తమ కవుల పద్యాలు. వాఫా అని పిలిచే ప్రపంచ పూల కళాకారుల సంఘం 2014లో తన ప్రపంచ ప్రదర్శనను డబ్లిన్‌లోనే జరిపింది.

మనకు ఇది కొత్త విషయమేమీ కాదు. బతుకమ్మను ఏనాడూ తలుపులు మూసుకుని పేర్చలేదు. వాకిట్లో చాప వేసి, ఇరుగుపొరుగు చూస్తుండగా, పిల్లలు పూలు అందిస్తుండగా, పెద్దావిడ ఒకరు "ఆ వరుస ఎడమకు ఒరిగింది చూడవే" అంటుండగా పేరుస్తారు. అక్కడ ఎవరికీ చెయ్యి వణకదు. అదే మనిషిని మైకు ముందు నిలబెట్టి "బతుకమ్మ ఎలా పేర్చాలో చూపించమ్మా" అంటే మాత్రం నోరు పెగలదు. మనిషి మారలేదు, పని మారలేదు. వాకిట్లో అందరి చూపూ పూల మీద ఉంది. వేదిక మీద తన మీదికి వచ్చిందని ఆమె అనుకుంటోంది. మన పనల్లా ఆ చూపును తిరిగి పూల మీదికి పంపడం.

అది ఎలాగో ఒక మనిషి కథలో చూద్దాం. కాన్‌స్టన్స్ స్ప్రై 1886లో ఇంగ్లండ్‌లోని డార్బీలో పుట్టింది. పెరిగిందీ చదివిందీ ఎక్కువగా ఐర్లండ్‌లో. పూల జోలికి రాకముందే ఆమె పదిమంది ముందు నిలబడటం నేర్చింది, అదీ పూలతో సంబంధం లేని పనిలో. ఐర్లండ్ మహిళల ఆరోగ్య సంఘం తరఫున ప్రథమ చికిత్స గురించి, ఇంట్లో రోగికి చేయాల్సిన సేవ గురించి ఆడవాళ్లకు ఉపన్యాసాలిచ్చేది. కట్టు ఎలా కట్టాలో చూపించేటప్పుడు చూపించేవాళ్ల అందచందాలు ఎవరూ పట్టించుకోరు, కట్టు నిలిచిందా లేదా అన్నదే చూస్తారు. ఆ శిక్షణ ఆమెకు తర్వాత అక్కరకొచ్చిందని నా అభిప్రాయం. 1929లో లండన్‌లో పూల దుకాణం తెరిచినప్పుడు ఆమె చేసింది అప్పటి పెద్దింటి వాళ్లు ఊహించని పని. కంచె మీద పాకే అడవి తీగలు, కలుపు మొక్కలు, ఎండిన గింజల కంకులు, క్యాబేజీ జాతికి చెందిన కేల్ ఆకులు, వీటిని గులాబీల పక్కన పెట్టింది. పూలకుండీ బదులు వంటింట్లో పులుసు పోసే గిన్నె వాడింది. 1953లో రెండో ఎలిజబెత్ పట్టాభిషేకానికి పూల అలంకరణ బాధ్యత అప్పగించేదాకా ఆ చేతికి పేరొచ్చింది. జనం రోజూ తొక్కుకుంటూ పోయే మొక్కను తీసి బల్ల మీద పెడితే, ఇక వాళ్లు చూసేది ఆ మొక్కనే. చేసే మనిషి వాళ్ల కళ్ల నుంచి తప్పుకుంటుంది.

మన గునుగు సంగతీ ఇదే. జొన్న చేలో అది కలుపు, రైతు తిట్టుకుంటూ పీకి గట్టు మీద పారేస్తాడు. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మ దాకా అదే గునుగు తాంబాళంలో వరుస కడుతుంది. 2014లో రాష్ట్ర పండుగ అయిన బతుకమ్మలో సగం బరువు మోసేది ఈ కలుపు మొక్కే. మీ ప్రదర్శనలో మొదటి మాటగా ఈ ఒక్క సంగతి చెప్పండి. "అందరికీ నమస్కారం, నాకు ఈ అవకాశం ఇచ్చినందుకు" అనే సోదితో మొదలుపెట్టవద్దు. గునుగు కట్ట పైకెత్తి, "దీన్ని నిన్న చేనుగట్టు మీద పారేసి ఉంటే ఏరుకొచ్చిన" అనండి. వెనక వరుసలో ఉన్నవాళ్లు మెడలు చాస్తారు.

రాయి, పువ్వు

ఇప్పుడు ఐర్లండ్ నుంచి ఒక నేలను తెచ్చుకుందాం, ఎందుకంటే అది కరణ్‌కోట నేలకు దూరపు చుట్టం. ఐర్లండ్ పడమటి తీరాన క్లేర్ కౌంటీలో బర్రెన్ అనే ప్రాంతముంది. కంటికి ఆనినంత మేర బూడిదరంగు సున్నపురాయి పరుపులు. 30 కోట్ల ఏళ్లకు పైబడిన రాయి అది. వానకు కరిగి నిలువునా చీలికలు పడింది. ఆ చీలికల్లో చేరిన గుప్పెడు మట్టిలో, వసంతంలో చిన్న నీలిపువ్వు పూస్తుంది. జెన్షియన్ దాని పేరు. ఆల్ప్స్ పర్వతాల మీద పూసే ఆ పువ్వుకు కూతవేటు దూరంలో మధ్యధరా ప్రాంతపు ఆర్కిడ్ పూస్తుంది. మంచుకొండల మొక్క, వెచ్చని తీరపు మొక్క ఒకే బండ మీద కనిపించడం వృక్షశాస్త్రజ్ఞులకు ఇప్పటికీ ముచ్చటే.

బర్రెన్‌ను వేదిక మీదికి తేవాలంటే ఐర్లండ్ వెళ్లనక్కర్లేదు. పాలిషింగ్ యూనిట్ బయట పడేసిన నాపరాయి ముక్కలు అడిగి రెండు తెచ్చుకోండి, ఒకటి నీలం, ఒకటి పసుపు. అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నవే మేలు. రెండింటినీ బల్ల మీద పరిచి, మధ్యన రెండు వేళ్ల సందు వదలండి. సందు వెనక, చూసేవాళ్లకు కనపడకుండా, లోతు తక్కువగా ఉన్న స్టీలు గిన్నెలో నీళ్లు. అందులో కోళ్ల గూళ్లకు కట్టే జాలీ ముక్కను ముద్దగా నలిపి పెట్టండి, కాడలు అందులో నిలబడతాయి. స్ప్రై వాడిందీ ఈ జాలీనే. తంగేడు కొమ్మ ఒకటి, గడ్డి చామంతులు నాలుగు, రాతి సందులోంచి మొలిచినట్టు నిలబెట్టండి. అంతకు మించి ఒక్క పువ్వు కూడా వద్దు. ఖాళీగా కనపడే రాయిని పూలతో నింపేయాలని మన చెయ్యి ఆరాటపడుతుంది, ఎందుకంటే మన పందిళ్లు, దండలు, రథాలు అన్నీ నిండుదనం మీద బతికినవి. ఇక్కడ రాయి కనపడాలి. గనిలో పనిచేసే మనిషి ఆ సభలో ఒక్కరున్నా, తన చేతిలో ముక్కలయ్యే రాయి పూల కింద కూర్చుని ఉండటం చూసి ఏదో ఒకటి అంటాడు. ఆ మాటను వదలకండి. వెంటనే రాయి గురించి అతన్నే అడగండి, ఏ పొర నుంచి వస్తుంది, పసుపు ఎక్కడ దొరుకుతుంది అని. అతను చెబుతుంటే మీరు కాడలు కోసుకోవచ్చు. ప్రదర్శనలో ఊపిరి తీసుకునే చోట్లు ఇలా దొరుకుతాయి.

మార్కెట్లో ఆకుపచ్చని స్పాంజి ఇటుక దొరుకుతుంది, పెళ్లి మండపాలవాళ్లు వాడతారు. నీళ్లు పీల్చుకుని పూలను నిలబెట్టే మాట నిజమే. కానీ అది ప్లాస్టిక్, మట్టిలో కలవదు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దాన్ని నిషేధించింది. బతుకమ్మ పేర్చే చేతికి దాని అవసరమే ఎప్పుడూ రాలేదు.

బతుకమ్మ నిర్మాణం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చూసేవాళ్లలో పట్నం పిల్లలుంటే వాళ్లకు ఇదే కొత్త. తాంబాళంలోనో, వెదురు సిబ్బిలోనో గుమ్మడి ఆకులు పరుస్తారు. అవి దొరక్కపోతే ఆముదపు ఆకులు. అంచు వెంట తంగేడు గుత్తులను, తలలు బయటికి కాడలు లోపలికి ఉండేలా గుండ్రంగా పేరుస్తారు. మధ్యలో మిగిలిన ఖాళీని తుంచిన కాడలతో, ఆకులతో కూరి అరచేత్తో అదుముతారు. దాని మీద మరో వరుస, ఒక చుట్టు చిన్నగా. గునుగు కంకులను సమానంగా కోసి, దారంతో కట్టలుగా కట్టి, కొనలు రంగుల్లో ముంచి ఆరబెట్టి ఉంచుకుంటారు. బంతి, చామంతి, కట్లపూలు దొరికినన్ని. పైకి వెళ్లేకొద్దీ సన్నబడి గోపురమవుతుంది. శిఖరాన గుమ్మడి పువ్వు. ఇంత ఎత్తును పట్టి ఉంచేది కంటికి కనపడని ఆ లోపలి చెత్తే. కూరడం వదులుగా ఉంటే నాలుగో వరుసకు ఒరిగిపోతుంది. అందుకే చూపించేటప్పుడు పువ్వుల వరుసకంటే కూరడాన్నే నెమ్మదిగా చూపించండి. తాంబాళాన్ని ఒకసారి వంచి లోపలి భాగం చూపితే ఇంకా మంచిది.

వేదిక విషయంలో ఐరిష్ పద్ధతీ మనదీ ఇక్కడే వేరవుతాయి. వాళ్ల అమరికకు ముందు వైపు ఉంటుంది. అందుకని చేసేవారు దాని వెనక నిలబడి, తమకు వీపు కనపడుతుండగా, ముఖం జనం వైపు ఉండేలా పేరుస్తారు. అది చాలా సాధన అడిగే విద్య. బతుకమ్మకు ముందూ వెనకా లేదు. కాబట్టి ఎత్తైన వేదిక అడగకండి. కింద చాప మీద కూర్చోండి, జనాన్ని చుట్టూ కూర్చోబెట్టండి, ప్రతి వరుస అయ్యాక తాంబాళాన్ని పావు చుట్టు తిప్పండి. చుట్టూ మనుషులుంటే మీ ముఖం కొందరికే కనపడుతుంది, మీ చేతులు అందరికీ కనపడతాయి. బెరుకున్నవాళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

మాటకూ చేతికీ పొత్తు కుదరాలి. కత్తెర ఆడుతున్నప్పుడు మాట్లాడకండి, వేలు తెగుతుంది, లేదా వాక్యం తెగుతుంది. మొదటి వరుస పేర్చేటప్పుడు కూడా మౌనమే మంచిది, పునాది కాబట్టి. గునుగు కట్టలు కట్టడం మాత్రం చెయ్యి దానంతటదే చేసుకుపోయే పని. కథలన్నీ అప్పటికి దాచుకోండి. తంగేడు రేకులు సాయంత్రానికి రాలిపోతాయి, అందుకని ఆ రోజు పొద్దున కోసినదే తెండి, తడిగుడ్డలో చుట్టి నీడన ఉంచండి. గునుగుకు ఆ బాధ లేదు, అది కాగితంలా ఉంటుంది, ముందురోజే సిద్ధం చేసుకోవచ్చు.

పాతరాళ్లు, పద్యాలు

బర్రెన్‌లోనే పౌల్నబ్రోన్ అనే సమాధి ఉంది. నిలువు రాళ్ల మీద ఒక పెద్ద పలక పైకప్పులా వాలి ఉంటుంది. 5,000 ఏళ్లకు పైబడిన కట్టడం. ఇలాంటి రాళ్లను అక్కడి జనం కథల్లో డయార్మిడ్, గ్రాన్యా అనే ప్రేమికుల పడకలంటారు, పారిపోతూ రాత్రికొక చోట తలదాచుకున్నారట. ములుగు జిల్లా దామరవాయి అడవిలో ఇలాంటివే ఉన్నాయి, మనవాళ్లు వాటిని రాకాసి గూళ్లన్నారు. ఒకే ఆకారపు రాళ్లు. వాళ్లకు ప్రేమికులు కనపడ్డారు, మనకు రాక్షసులు కనపడ్డారు. మూడు నాపరాయి ముక్కలతో చిన్న గూడు కట్టి, నీడలో ఒక్క బంతిపువ్వు పెట్టి ఈ రెండు కథలూ చెప్పండి. రాళ్లు ఇంటి దగ్గరే నిలబెట్టి చూసుకోండి, కాళ్ల మీద పడితే కథ వేరుగా ఉంటుంది.

పద్యంతో జాగ్రత్త ఎక్కువ కావాలి. చాలామంది పద్యంలో ఉన్నవన్నీ పూలతో చేసి చూపాలనుకుంటారు. మనవాళ్లకు గీతాంజలి ముందుమాట ద్వారా తెలిసిన యేట్స్, ఇనిస్‌ఫ్రీ అనే చిన్న లంక గురించి 1890లో ఒక పద్యం అచ్చువేశాడు. స్లైగో దగ్గరి సరస్సులో ఉంది ఆ లంక. యేట్స్ అప్పుడు లండన్‌లో ఉన్నాడు. వీధిలో నడుస్తుంటే ఒక దుకాణం కిటికీలో చిన్న నీటి ఫౌంటెన్ చప్పుడు విని ఊరి సరస్సు గుర్తొచ్చిందని తర్వాత తనే రాసుకున్నాడు. ఆ పద్యంలో సరస్సుంది, తేనెటీగలున్నాయి, చిక్కుడు వరుసలున్నాయి, మట్టి మెత్తిన తడికల గుడిసె ఉంది. నీలిగుడ్డ పరిచి సరస్సు చేస్తే బడి వార్షికోత్సవపు నాటకంలా ఉంటుంది. తడిక ఒక్కటి పట్టుకోండి. కంది పంట కోశాక మిగిలే కంప మన దగ్గర తడికలకూ తట్టలకూ పనికొస్తుంది. జానెడు కంది తడిక అల్లి, దాని మీదికి పెరటి చిక్కుడు తీగను ఊదా పూలతో సహా పాకించండి. బతుకుదెరువుకు హైదరాబాదుకో, మరో దేశానికో వెళ్లిన పిల్లలున్న తల్లిదండ్రులు కరణ్‌కోట హాల్లో తప్పకుండా ఉంటారు. పట్నంలో నీళ్ల చప్పుడు విని ఊరిని తలచుకున్న కవి సంగతి వాళ్లకు విడమరచి చెప్పే పని లేదు. డబ్లిన్‌లో ఇప్పుడు తెలుగు కుటుంబాలు బతుకమ్మ ఆడుతున్నాయి, తంగేడు లేని నేల మీద. అక్కడివాళ్లు నన్నడిగితే, అంగట్లో కొన్న చామంతులతో సరిపెట్టుకోకుండా, ఆ కాలానికి అక్కడ పూసే ఊదారంగు హెదర్‌ను ఒక వరుసగా పెట్టమంటాను. మే నెల వచ్చే ముందు సాయంత్రం గడప మీద పసుపుపచ్చ పూలు చల్లే ఆచారం ఐరిష్ పల్లెల్లో ఉండేది, ఇంటికి కీడు సోకకుండా. పసుపు పూలకు గడప దగ్గర చోటివ్వడం ఆ ఊళ్లకు వింత కాదు.

తెలుగు సభలో పూలు కోసి చూపించే ఎవరినైనా ఒక ప్రశ్న వెంటాడుతుంది. కరుణశ్రీ పుష్పవిలాపం. ఘంటసాల గొంతులో ఆ పద్యాలు వినని ఇల్లు ఒకప్పుడు లేదు. పూజకని పూలు కోయబోయిన మనిషిని పూలే నిలదీస్తాయి అందులో. ఎవరో ఒక పెద్దమనిషి లేచి "మరి ఆ పాపం సంగతేమిటమ్మా" అని నవ్వుతూనే అడుగుతారు. నవ్వి తప్పించుకోకండి. గునుగు ఎలాగూ కలుపుతీతలో పోయేదేనని చెప్పండి. తంగేడు కొమ్మకు ఎన్ని గుత్తులుంటే అందులో సగం వదిలేసి వచ్చామని చెప్పండి, నిజంగా వదిలేసి ఉంటేనే. బంతి, చామంతి రైతు అమ్మకానికి వేసిన పంట. అయినా ఆ పద్యానికి పూర్తి జవాబు లేదు, లేదని ఒప్పుకుంటే సభ మిమ్మల్ని ఎక్కువ నమ్ముతుంది. ప్రదర్శనకు పూలు తక్కువ వాడటానికి నాకు తెలిసిన అతి బలమైన కారణం ఆ పద్యమే.

ఇంకొకటి ముందే తేల్చుకోవాలి. పసుపుతో చేసిన గౌరమ్మను పైన నిలిపితే అది పూజ. ఆటా పాటా అయ్యాక, చెరువుకు తీసుకెళ్లి సాగనంపి, మలీద పంచుకుని ఇంటికి రావాలి. బల్ల మీద వదిలేసి లైట్లు ఆర్పి వెళ్లడం కుదరదు. కాబట్టి ప్రదర్శన ఎవరి ముందు, ఏ రోజు అన్నదాన్ని బట్టి మీ ఊరి పెద్దావిడలను అడిగి నిర్ణయించుకోండి. పండుగ రోజుల్లో కాకుండా చేస్తుంటే గుమ్మడి పువ్వు దగ్గర ఆపేయడం సబబని నాకనిపిస్తుంది. అప్పుడు ఐరిష్‌వాళ్లలా చీటీ తీసి ఎవరికైనా ఇచ్చేయవచ్చు. గౌరమ్మ కూర్చున్నదాన్ని మాత్రం చీటీకి పెట్టకూడదు.

దసరా దాటాక తంగేడు, గునుగు తగ్గిపోతాయి. అంతమాత్రాన ప్రదర్శన మానుకోనక్కర్లేదు. సంక్రాంతి తర్వాత తాండూరు నల్లరేగళ్లలో కుసుమ పూస్తుంది, నారింజ రంగు, ముళ్లున్న తలలు, చేతికి తొడుగు వేసుకుని కోయాలి. శివరాత్రి రోజులకు మోదుగ ఎర్రబడుతుంది, అప్పుడు చెట్టు మీద ఆకే ఉండదు. మోదుగ కొమ్మను నాపరాయి పక్కన ఒంటరిగా నిలబెట్టండి. మధ్యలో జొన్న కంకి, ఎండిన కందికాయ గుత్తి ఎప్పుడైనా దొరుకుతాయి.

చివర్లో ప్రశ్నలడగమంటే కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ ఖాళీని మీ మాటలతో పూడ్చకండి, చేతిలో మిగిలిన కాడలు ఏరుకుంటూ ఉండండి. మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఖర్చు గురించే వస్తుంది, అదీ మహిళా సంఘం సభ్యులెవరైనా అడుగుతారు. లెక్క సిద్ధంగా పెట్టుకోండి: దారపు ఉండ, రంగు పొట్లాలు, జాలీ ముక్క, కొన్న బంతిపూలు. రాయి, తంగేడు, గునుగు, ఆకులకు సున్నా అని రాసి, ఆ కాగితాన్నే వాళ్ల చేతికివ్వండి. వచ్చే నెల వాళ్ల సంఘం సమావేశంలో చేసి చూపించమని అడుగుతారు, తేదీ అక్కడికక్కడే ఖాయం చేసుకోండి.